దేశం దాటిన చార్జర్లు: పాఠకుల సందేహాలు, మా జవాబులు

ఒక దేశంలో కొన్న ట్రిమ్మరో, బ్రష్షో, డ్రిల్లో సామాన్లతో పాటు ఇంకో దేశం చేరుతుంది. అక్కడి సాకెట్‌లో పెట్టాక ఏమైందన్నదే ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువగా కనిపించింది. ముందే ఒక్కమాట. గోడలోంచి వచ్చే కరెంటుతో తలపడేది వస్తువు కాదు, దాని చార్జర్. కింది జవాబులన్నీ ఈ ఒక్క విషయం మీదే నడుస్తాయి.

ప్రశ్న: ఇండియాలో కొన్న ట్రిమ్మర్‌ను జపాన్ తెచ్చుకున్నాను. పిన్ను సరిపోవడానికి చిన్న అడాప్టర్ కొన్నాను. ఎర్ర లైటు వెలుగుతోంది, రాత్రంతా ఉంచుతున్నాను, అయినా గడ్డం సగంలో ఉండగానే ఆగిపోతోంది. బ్యాటరీ మార్పించాలా?

జవాబు: ఇప్పుడే వద్దు. ముందు చార్జర్‌ను తిప్పి, సన్న అక్షరాల్లో 'ఇన్‌పుట్' అని ఉన్నచోట ఏముందో చదవండి. కళ్లకు ఆనకపోతే ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసుకోండి. '100–240 వి, 50/60 హెర్ట్జ్' (వి అంటే వోల్టులు, హెర్ట్జ్ అంటే కరెంటు అల సెకనుకు ఎన్నిసార్లు లేచి పడుతుందన్న లెక్క) అని ఉంటే పిన్ను సరిపడితే చాలు, ఏ దేశపు సాకెట్‌లోనైనా పనిచేస్తుంది. '220–240 వి' అనో '230 వి, 50 హెర్ట్జ్' అనో మాత్రమే ఉంటే జపాన్‌లో దానికి తిండి చాలదు. ఇండియాలో సరఫరా 230 వోల్టులు, జపాన్‌లో 100. సగం కూడా కాదు. ఆ పక్కనే 'అవుట్‌పుట్' అని ఇంకో వరస ఉంటుంది. అది చార్జర్ నుంచి ట్రిమ్మర్‌లోకి వెళ్లేది. చాలామంది దాన్ని చూసి '5 వోల్టులే కదా' అని ధైర్యపడతారు. గోడ సాకెట్‌కూ ఆ అంకెకూ సంబంధం లేదు.

మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఇది ఒకే వోల్టేజీ చార్జరే అనిపిస్తోంది. చేతిలో పట్టుకుంటే బరువుగా ఉందా? అయితే లోపల ఇనుప రేకుల మీద రాగి తీగ చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నట్టే. దానిది అచ్చంగా నిష్పత్తి లెక్క. 230 పెడితే 6 వోల్టులు ఇచ్చేది 100 పెడితే 2.6 ఇస్తుంది. ట్రిమ్మర్‌లో నికెల్ సెల్లులు రెండు వరసగా ఉన్నాయనుకుందాం. నిండే వేళకు ఒక్కోటి 1.4–1.5 వోల్టుల దాకా ఎక్కుతుంది, రెండూ కలిపి దాదాపు 3. వచ్చేదే 2.6 అయినప్పుడు అంతదాకా ఎలా ఎక్కుతాయి? కొంత నిండి అక్కడే నిలబడిపోతాయి. ఇక ఎర్ర లైటు సంగతి. దానికి 2 వోల్టులు చాలు. అది వెలిగితే తీగ తెగలేదని తెలుస్తుంది గానీ బ్యాటరీ నిండుతోందని కాదు.

తేలికపాటి కొత్త చార్జర్ల తీరు వేరు. గోడ కరెంటును ముందు డీసీగా, అంటే ఒకే దిక్కుగా పారే కరెంటుగా మార్చి, దాన్ని సెకనుకు వేలసార్లు తెంపుతూ కలుపుతూ చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌లోకి పంపుతాయి. బయటికిచ్చే వోల్టేజీ కాస్త తగ్గినట్టు అనిపిస్తే తెంపే తీరు మార్చుకుని సర్దుకుంటాయి. 100 నుంచి 240 దాకా ఏదైనా సరే అనగలిగేది అందుకే. అలాగని తేలికగా ఉన్నవన్నీ ఇలాంటివే అనుకోకండి. ఒకే వోల్టేజీకి చేసిన చవక రకాలూ తేలికగానే ఉంటాయి. లేబుల్ చెప్పిందే చివరిమాట. కొన్ని షేవర్లకు విడిగా చార్జరే ఉండదు, తీగ నేరుగా ఒంట్లోకి దిగుతుంది. వాటికి ఈ అంకెలు షేవర్ మీదే, చాలాసార్లు పిడి కింది భాగంలో ఉంటాయి.

మీ సమస్యకు తేలికైన దారి చార్జర్ మార్చడం. అవుట్‌పుట్ '5 వి డీసీ' అని ఉంటే ఫోను చార్జర్‌కు తగిలించే యూఎస్‌బీ తీగ, ఇంకో కొసన మీ ట్రిమ్మర్‌కు సరిపడే పిన్ను ఉన్నది తీసుకోండి. 5 కాక ఇంకేదైనా అంకె ఉంటే, అదే అవుట్‌పుట్ ఇచ్చే 100–240 అడాప్టర్ కావాలి. ఎలా ఎంచుకోవాలో కింద ఇంకో ప్రశ్నలో వివరంగా చెప్పాం. కొత్త చార్జర్‌తో ఒకసారి పూర్తిగా నింపి వాడి చూడండి. సగం నిండి సగం వాడిన బ్యాటరీ పాడైపోయి ఉండాలనేమీ లేదు.

ప్రశ్న: అమెరికా నుంచి బ్రిటన్ వచ్చాం. ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్ చార్జింగ్ స్టాండును పిన్ను అడాప్టర్‌తో వంటింటి సాకెట్‌లో పెట్టగానే 'టప్' మని శబ్దం, మాడు వాసన. అప్పుడు బ్రష్ దాని మీదే ఉంది. బ్రష్ కూడా పోయినట్టేనా?

జవాబు: స్టాండు పోయింది, బ్రష్ చాలావరకు బతికే ఉంటుంది. ఆ రెంటి మధ్య తీగ సంబంధం లేదు. స్టాండులోని తీగచుట్ట పుట్టించే అయస్కాంత క్షేత్రాన్ని బ్రష్ అడుగున ఉన్న ఇంకో చుట్ట అందుకుంటుంది. అదే మోడల్ స్టాండు ఎవరి దగ్గరైనా ఉంటే ఓ గంట పెట్టి చూడండి, తేలిపోతుంది. కాలిన స్టాండును బాగు చేయించే ఆలోచన మాత్రం మానుకోండి. నీళ్లు దిగకుండా మూసేసిన డబ్బా అది. విప్పితే మళ్లీ నీళ్ల దగ్గర పెట్టదగ్గ వస్తువు కాదు.

అది ఎందుకు పేలిందో తెలుసుకోవడం మంచిది, ఎందుకంటే 120 వోల్టులకు మాత్రమే చేసిన ఏ చార్జరైనా 230లో పెడితే ఇంచుమించు ఇదే జరుగుతుంది. మనం 120 అనే కరెంటు అల ప్రతిసారీ 170 దాకా లేచి పడుతుంది. చార్జర్‌లో మొదట ఉండే పీపా ఆకారపు కెపాసిటర్ (కరెంటును కాసేపు నిల్వ ఉంచే భాగం) ఆ శిఖరం దాకా నిండుతుంది. కాబట్టి 120 చార్జర్లలో దానికి 200 వోల్టుల రకం వేస్తారు. 230లో శిఖరం 325. 200కు చేసిన పీపాలో 325 పోస్తే లోపలి ద్రవం ఉడికి ఆవిరవుతుంది. పీపా నెత్తిన అడ్డంగా గీసిన గాటు ఉబ్బి తెరుచుకుంటుంది, తడి కాగితం, అల్యూమినియం రేకు ముక్కలు బయటికొస్తాయి. మీరు విన్న 'టప్' అలాంటిదే అయ్యుండాలి. వెంట ఫ్యూజు కూడా పోతుంది. ఫ్యూజు మార్చి మళ్లీ పెడితే అదే కథ, ఈసారి నిప్పుతో. ట్రాన్స్‌ఫార్మర్ రకమైతే శబ్దం రాదు. ఇనుప రేకులు భరించలేనంత అయస్కాంతమై, చుట్టలో కరెంటు విపరీతంగా పెరిగి వేడెక్కుతుంది. చుట్ట కింద పొదిగిన, వేడికి తెగే థర్మల్ ఫ్యూజు తెగి ఆ చార్జర్ నిశ్శబ్దంగా చస్తుంది.

గుర్తుంచుకోవాల్సిన తేడా ఇదీ. ఎక్కువ వోల్టేజీ వస్తువును తక్కువలో పెడితే బద్ధకిస్తుంది. తక్కువ వోల్టేజీ వస్తువును ఎక్కువలో పెడితే కాలుతుంది. మొదటి దాంట్లో ప్రయోగం చేసి చూడొచ్చు, రెండో దాంట్లో ఒక్క క్షణం కూడా చూడకూడదు.

కొత్త స్టాండు బ్రిటన్‌లోనే, మీ బ్రష్ మోడల్‌కు సరిపడేది కొనండి. అక్కడి బ్రష్ స్టాండ్లకు గుండ్రటి రెండు పిన్నుల ప్లగ్గు వస్తుంది, స్నానాల గదిలోని షేవర్ సాకెట్ కోసం. దాన్ని మామూలు మూడు పలక పిన్నుల సాకెట్‌లో వాడాలంటే 1 ఆంపియర్ ఫ్యూజున్న షేవర్ అడాప్టర్ తీసుకోవాలి. ఆ షేవర్ సాకెట్లలో చాలావాటికి 115, 230 అని రెండు వైపులు ఉంటాయి. మీ పాత స్టాండును వంటింట్లో కాక 115 వైపు పెట్టి ఉంటే బతికేదే. లోపల గోడ కరెంటుతో సంబంధం తెంచే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది గనక అవి తడి చేతుల గదిలో ఉండగలుగుతున్నాయి. దాని శక్తి మాత్రం షేవర్‌కు, బ్రష్‌కు సరిపడేంతే. హెయిర్ డ్రయ్యర్ లాంటివి దాని జోలికి పోకూడదు.

ప్రశ్న: 'కన్వర్టర్, 1600 వాట్లు' అని రాసి ఉన్న చిన్న పెట్టె కొన్నాను, గుప్పెట్లో పడుతుంది. అమెరికా షేవర్ చార్జర్‌ను దాని ద్వారా జర్మనీలో పెడితే పొగ వచ్చింది. 1600 వాట్లు మోసేది 5 వాట్లు మోయలేదా?

జవాబు: మోయలేకపోవడం కాదు, దాని పనే వేరు. అరచేతిలో పట్టే ఆ పెట్టెలో ట్రాన్స్‌ఫార్మర్ లేదు. 1600 వాట్ల ట్రాన్స్‌ఫార్మర్ నిజంగా ఉంటే రెండు చేతులతో ఎత్తాల్సి వచ్చేది. అందులో ఉన్నది ప్రతి అలలో కొంత భాగాన్ని కోసేసే ఎలక్ట్రానిక్ స్విచ్చి. 230 వోల్టుల అలలో సగం పైగా తీసేసి, మొత్తం మీద వేడి 120 వోల్టులకు వచ్చినంతే వచ్చేలా చూస్తుంది. ఇస్త్రీపెట్టెకో, జుట్టు ఆరబెట్టే యంత్రంలోని కాయిల్‌కో కావాల్సింది వేడే, అల ఆకారంతో వాటికి పని లేదు. చార్జర్‌లోని కెపాసిటర్ అలా కాదు. మిగిలిన ముక్క శిఖరం ఎంతుంటే అంతదాకా నిండుతుంది. కోసినా ఆ శిఖరం 300 వోల్టులకు దగ్గరగానే ఉంటుంది. అంటే మీ చార్జర్‌కు సంబంధించినంత వరకు ఆ పెట్టె లేనట్టే.

కొన్ని కన్వర్టర్లకు '50 వాట్లు / 1600 వాట్లు' అని రెండు స్థానాల మీట ఉంటుంది. 50 దగ్గర చిన్న నిజమైన ట్రాన్స్‌ఫార్మర్, 1600 దగ్గర ఈ కోత యంత్రం. 'పెద్ద అంకె పెడితే భద్రం' అనుకుని 1600 వైపు తిప్పి చార్జర్లను చంపుకునేవాళ్లు చాలామంది.

చార్జర్‌కు తగింది అసలైన స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్, అంటే వోల్టేజీని తగ్గించేది. ఎంత పెద్దది కావాలో లేబుల్ నుంచే లెక్క కట్టొచ్చు. ఇన్‌పుట్ '120 వి, 0.35 ఎ' (ఎ అంటే ఆంపియర్లు) అని ఉంటే 120ని 0.35తో గుణించండి, 42 వోల్ట్ ఆంపియర్లు. దాన్ని రెట్టింపు చేసి పై అంకెకు వెళ్లండి, 100ది తీసుకోవచ్చు. మోటారు నేరుగా గోడ కరెంటు మీద తిరిగే వస్తువైతే రెట్టింపు చాలదు, మూడింతలు చూడాలి, ఎందుకంటే కదిలే క్షణంలో అది ఎక్కువ లాగుతుంది. బట్టల మధ్యో పరుపు మీదో పెట్టొద్దు, గాలి తగలాలి. చార్జింగ్ అయ్యాక గోడనుంచి తీసేయండి. ఏ వస్తువూ తగిలించకపోయినా ట్రాన్స్‌ఫార్మర్ కొంత కరెంటు తాగుతూ గోరువెచ్చగా ఉంటుంది.

రెండు వైపులా పనిచేసే రకాల్లో ఒక ప్రమాదం ఉంది. వాటికి పెంచడానికీ తగ్గించడానికీ ఒకే మీట. 230 సాకెట్‌లో పెట్టి మీటను పొరపాటున 'పెంచు' వైపు ఉంచితే బయటికొచ్చేది 460. మీట సరైన వైపు తిప్పాక దాని మీద టేపు అంటించేయండి, ఇక ఎవరి చేయీ తగలదు.

ఇంత చెప్పాక మా అభిప్రాయం కూడా చెప్పాలి. షేవర్, ట్రిమ్మర్, బ్రష్ కోసం ట్రాన్స్‌ఫార్మర్ కొనడం దాదాపు ఎప్పుడూ దండగే. చార్జర్ ఒక్కటీ మార్చుకోవడం చవక, తేలిక, భద్రం. చార్జర్ విడిగా దొరకని ఖరీదైన వస్తువుకైతే అది వేరే మాట.

ప్రశ్న: ఫిలిప్పీన్స్‌లో సాకెట్లు అచ్చం అమెరికా సాకెట్లలాగే ఉన్నాయి. అమెరికా చార్జర్ నేరుగా పెట్టొచ్చా?

జవాబు: పిన్ను దూరినంత మాత్రాన వోల్టేజీ కుదిరినట్టు కాదు. అక్కడ రెండు పలక పిన్నుల సాకెట్లే, కానీ వచ్చేది 220–230 వోల్టులు, 60 హెర్ట్జ్. చైనా, థాయ్‌లాండ్‌లలోనూ పలక పిన్నులు దూరే సాకెట్లు ఉంటాయి, వోల్టేజీ 220–230. బ్రెజిల్‌లో ఒకే ఆకారపు సాకెట్‌లో ఒక ఊళ్లో 127, ఇంకో ఊళ్లో 220 వస్తుంది. పిన్ను ఆకారాన్ని చూసి వోల్టేజీ ఊహించడం మానేసి అడిగి తెలుసుకోండి, లేదా మల్టీమీటర్‌తో కొలవండి. మీటర్‌ను ఏసీ (గోడలో వచ్చే అలల కరెంటు) 600 లేదా 750 స్థానంలో పెట్టాకే కొనలు సాకెట్‌లోకి పోవాలి.

పిన్ను దూరడంలోనే ఇంకో ఇబ్బంది ఉంది. యూరప్ సన్న పిన్ను లావు 4 మిల్లీమీటర్లు. ఇండియాలోని మామూలు మూడు రంధ్రాల సాకెట్‌లో పిన్ను లావు 5 మిల్లీమీటర్ల పైచిలుకు. దూరుతుంది, కానీ వదులుగా. చార్జర్ బరువుకు కిందికి వాలి, లోపల చిటపటమని నిప్పురవ్వలు రాలతాయి, ఆ చోట ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరుగుతుంది. వోల్టేజీ సరిపోయినా అది ప్రమాదమే. నాలుగు రోజుల ప్రయాణానికి పిన్ను అడాప్టర్ ఓకే. కాపురం ఉండేచోట తీగనో, ప్లగ్గునో ఆ దేశానిదే పెట్టుకోవాలి.

ప్రశ్న: కార్డ్‌లెస్ డ్రిల్‌ను అమెరికాలో కొన్నాం, బ్యాటరీ మీద '20 వి' అని ఉంది. ఆస్ట్రేలియా మారుతున్నాం. అక్కడి బ్యాటరీలు '18 వి'. వెంట తీసుకెళ్లి లాభముందా?

జవాబు: ఉంది. రెండు అంకెలూ ఒకే బ్యాటరీవి. లోపల వరసగా ఐదు లిథియం సెల్లులు ఉంటాయి. ఒక్కోటి సగటున 3.6 వోల్టులంటే 18, పూర్తిగా నిండినప్పుడు కొలిస్తే 20 పైన. డీవాల్ట్ కంపెనీ అమెరికాలో '20 వి మ్యాక్స్' అని అమ్మేదాన్నే మిగతా చోట్ల '18 వి ఎక్స్‌ఆర్' అని అమ్ముతుంది. డ్రిల్‌కు గోడతో పని లేదు, బ్యాటరీతోనే పని. మారాల్సింది చార్జర్ ఒక్కటే. అమెరికాలో పనిముట్ల చార్జర్లు సాధారణంగా 120 వోల్టులకు మాత్రమే చేస్తారు గనక దాన్ని అక్కడే వదిలేయండి. అదే వరసకు చెందిన చార్జర్‌ను ఆస్ట్రేలియాలో విడిగా కొనండి.

విమానం సంగతి మరచిపోవద్దు. విడి లిథియం బ్యాటరీలు చెకిన్ పెట్టెలో కుదరవు, చేతి సంచిలోనే. పరిమితిని వాట్ అవర్లలో చూస్తారు, వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణిస్తే వస్తుంది. 18 వోల్టుల 5 ఆంపియర్ అవర్ బ్యాటరీ 90, ఫర్వాలేదు. 6 ఆంపియర్ అవర్‌ది 108. 100 దాటితే 160 దాకా విమాన సంస్థ అనుమతి కావాలి, అదీ విడివి రెండే. 160 దాటితే ప్రయాణికుడి సామానులో రానివ్వరు. ఈ లెక్కకు 20 కాక 18నే తీసుకోండి. బ్యాటరీ మీద వాట్ అవర్లు అచ్చు వేసి ఉంటే అదే చూస్తారు. లోహపు కొనల మీద టేపు వేసి, ఒక్కోదాన్ని విడి సంచిలో పెట్టండి.

ప్రశ్న: ట్రిమ్మర్ చార్జర్ పోయింది. ఇంట్లో రూటర్ అడాప్టర్ ఒకటి ఉంది, వోల్టేజీ కూడా అంతే. పెట్టొచ్చా?

జవాబు: వోల్టేజీ ఒక్కటే చూస్తే చాలదు. అవుట్‌పుట్ వోల్టులు సమానంగా ఉండాలి. ఆంపియర్లు సమానంగానో ఎక్కువో ఉండొచ్చు, తక్కువ ఉండకూడదు. తర్వాత పిన్ను ధ్రువం. లేబుల్ మీద మధ్యలో చుక్క, చుట్టూ విరిగిన వలయం, రెండు పక్కల కూడిక, తీసివేత గుర్తులు ఉన్న బొమ్మ ఉంటుంది. చుక్క నుంచి గీత ఏ గుర్తుకు పోయిందో అది లోపలి పిన్ను. పాత, కొత్త బొమ్మలు ఒకేలా ఉండాలి. తలకిందులైతే పెట్టిన క్షణంలోనే ట్రిమ్మర్ సర్క్యూట్ పోవచ్చు. పిన్ను లావు కంటికి ఒకేలా కనిపిస్తుంది గానీ 5.5 మిల్లీమీటర్ల పిన్నులకు లోపలి రంధ్రం 2.1 అని ఒకటి, 2.5 అని ఒకటి. 2.5ది 2.1 సాకెట్‌లో వదులుగా ఉండి కదిలినప్పుడల్లా ఆగుతుంది. ఇంకో సంగతి, పాత అడాప్టర్ అవుట్‌పుట్ దగ్గర అల గుర్తు ఉందేమో చూడండి. ఉంటే అది ఏసీ ఇచ్చే రకం, రూటర్‌ది డీసీ, కాబట్టి కుదరదు.

ఇవన్నీ కలిసినా ఒకచోట దెబ్బతింటారు. నికెల్ బ్యాటరీల పాత ట్రిమ్మర్లు, పాత డ్రిల్లుల్లో చార్జింగ్‌ను అదుపు చేసే సర్క్యూట్ ఏదీ ఉండదు. బక్క అడాప్టరే ఆ పని చేసేది. దాని సన్న చుట్ట అంతకు మించి కరెంటు ఇవ్వలేదు కాబట్టి బ్యాటరీ నెమ్మదిగా, క్షేమంగా నిండేది. దాని స్థానంలో బలమైన కొత్త అడాప్టర్ పెడితే బ్యాటరీలోకి కట్ట తెగినట్టు పోతుంది. వస్తువు మీద '8 గంటలు', '12 గంటలు చార్జ్ చేయండి' లాంటి మాట ఉంటే అది ఈ జాతి కావచ్చని అనుమానించండి. దానికి కంపెనీ చెప్పిన చార్జరే వాడండి. తప్పక వేరేది పెట్టాల్సి వస్తే మొదటి అరగంట పక్కనే ఉండి చేత్తో తాకుతూ చూడండి. వెచ్చన ఫర్వాలేదు, చేయి ఆనించలేనంత వేడైతే పీకేయండి.

ప్రశ్న: ఇండియాలో కొన్న దోమల బ్యాట్, మడత పిన్నుల టార్చి కెనడా తెచ్చుకున్నాం. పనిచేస్తాయా? పేలవు కదా?

జవాబు: పేలవు. నెమ్మదిగా నిండుతాయి. ఈ చవక వస్తువుల్లో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, గోడ కరెంటుకు అడ్డంగా ఒక కెపాసిటర్ పెట్టి దాని గుండా కాస్తంత కరెంటును జారనిస్తారు. 1 మైక్రోఫారడ్ (కెపాసిటర్ సైజుకు కొలత) కెపాసిటర్ అయితే 230 వోల్టులు, 50 హెర్ట్జ్‌లో దాదాపు 72 మిల్లీ ఆంపియర్లు జారతాయి. కెనడాలో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. వోల్టేజీ సగమైనా హెర్ట్జ్ పెరగడం కొంత ఆదుకుంటుంది, 45 వస్తాయి. అంటే ఇండియాలో 10 గంటలు పట్టేది కెనడాలో 16. అదే 120కి చేసిన బ్యాట్‌ను 230లో పెడితే కరెంటు ఒకటిన్నర రెట్లు దాటి, బ్యాటరీ ఉబ్బుతుంది, కెపాసిటర్ పగలొచ్చు.

వోల్టేజీకంటే వీటితో భయపడాల్సింది ఇంకొకటి ఉంది. గోడ కరెంటుకూ లోపలి బ్యాటరీకీ మధ్య అడ్డుగోడే లేదు. చార్జింగ్‌లో ఉండగా లోపలి ఏ తీగ ముట్టుకున్నా గోడను ముట్టుకున్నట్టే. మూత పగిలిన బ్యాట్‌ను, అద్దం ఊడిన టార్చిని ప్లగ్గులో పెట్టకండి. ప్లగ్గులో ఉండగా స్విచ్చి వేయకండి. కారులోనో, ఇంట్లోనో మెట్ల ఆకారపు అల ఇచ్చే చవక ఇన్వర్టర్ మీద కూడా వీటిని చార్జ్ చేయొద్దు. ఆ అల అంచులు నిటారుగా ఉంటాయి గనక కెపాసిటర్ గుండా ఉండాల్సిన దానికంటే ఎక్కువ కరెంటు జారి వేడెక్కుతుంది.

ప్రశ్న: మూడు పిన్నుల లాప్‌టాప్ చార్జర్‌ను రెండు పిన్నుల అడాప్టర్‌తో వాడుతున్నాను. చార్జింగ్‌లో ఉండగా లాప్‌టాప్ లోహపు ఒంటిని తాకితే జివ్వుమంటోంది. షాక్ కొడుతుందా?

జవాబు: చార్జర్ మంచి స్థితిలో ఉంటే అది ప్రాణాపాయం కాదు. రేడియో రొద రాకుండా ఉండేందుకు చార్జర్‌లో చిన్న కెపాసిటర్లు పెడతారు. వాటి గుండా అణువంత కరెంటు కారుతూ ఉంటుంది. మూడో పిన్ను ఉంటే అది భూమిలోకి పోతుంది, మీరు ఆ దారి మూసేశారు గనక మీ వేళ్ల గుండా పోతోంది. జివ్వుమనడం కాక గట్టిగా కొడితే మాత్రం ఆ చార్జర్‌ను పక్కన పెట్టేయండి.

పిన్ను అడాప్టర్ తీసేసి గోడ వైపు తీగనే మార్చండి. చార్జర్ పెట్టెలోకి దూరే కొసన మూడు రేకుల పువ్వులా ఉంటే 'సీ5', 8 అంకెలా ఉంటే 'సీ7', కంప్యూటర్ వెనక దూరే పెద్దదైతే 'సీ13' అని అడగండి, ఆ దేశపు ప్లగ్గుతో దొరుకుతుంది. 8 అంకె రకానికి మూడో పిన్నే లేదు, కాబట్టి దాంతో జివ్వుమనడం పోదు. అమెరికా తీగను యూరప్‌లో వాడేవాళ్లు తీగ ప్లగ్గు మీద '125 వి' అని అచ్చు ఉందేమో చూసుకోవాలి. చార్జర్ 240 దాకా తట్టుకున్నా ఆ తీగ దానికి చేసింది కాదు.

ప్రశ్న: సౌదీ అరేబియాలో 60 హెర్ట్జ్ అంటున్నారు. 50 హెర్ట్జ్ చార్జర్‌కు ఇబ్బందా?

జవాబు: లేదు. 50కి చేసిన ట్రాన్స్‌ఫార్మర్ 60లో హాయిగా ఉంటుంది. 60కి మాత్రమే చేసింది 50లోకి వస్తేనే వోల్టేజీ సరిపోయినా కాస్త ఎక్కువ వేడెక్కుతుంది. '50/60' అని ఉంటే ఆ ఆలోచనే అక్కర్లేదు. సౌదీలో చూసుకోవాల్సింది వోల్టేజీనే. కొత్త ప్రమాణం 230 అయినా, పాత భవనాల్లో 127 వోల్టుల సాకెట్లు ఇంకా తగలొచ్చు, ఒకే గదిలో రెండూ ఉండొచ్చు. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మారుస్తుంది గానీ హెర్ట్జ్‌ను ముట్టుకోదు.

ప్రశ్న: రెండేళ్లకు విదేశం వెళ్తున్నాం. ఎమర్జెన్సీ లైటు, డ్రిల్, షేవర్ ఇంట్లోనే వదిలేస్తున్నాం. ప్లగ్గులో ఉంచి వెళ్లడం మంచిదా, తీసేయడమా?

జవాబు: అన్నీ తీసేయండి. డ్రిల్, షేవర్ లిథియం రకాలైతే సగం చార్జ్ మీద, చల్లటి చోట, బ్యాటరీ విడదీయగలిగితే విడదీసి పెట్టండి. పూర్తిగా ఖాళీగా వదిలేస్తే కొన్ని నెలల్లో సెల్ కనీస స్థాయి కిందికి జారుతుంది, తర్వాత చార్జర్ దాన్ని ముట్టుకోనంటుంది. ఎమర్జెన్సీ లైటులో సీసపు బ్యాటరీ ఉంటే దాని పద్ధతి తలకిందులు. నిండుగా నింపి పెట్టాలి, ఖాళీగా ఉంటే లోపలి పలకలు గట్టిపడి పనికిరాకుండా పోతాయి. నింపి పెట్టినా తనంతట తాను కరిగిపోతుంది, కాబట్టి మూడు నెలలకోసారి తాళం తీసి నింపే మనిషి ఎవరైనా ఉండాలి. లేకపోతే ఆ లైటు ఇప్పుడే ఎవరికైనా ఇచ్చేయండి.